మంచుబొట్టులో చెట్టు

గడ్డి మీద బోర్లా పడుకుని పావుగంటైంది. మోచేతులు తడిసిపోయాయి.

పరక కొనమీద మంచుబొట్టు. అందులో వెనకున్న చెట్టంతా తలకిందులుగా, ఆవగింజంత! నీటిబొట్టు కటకంలా పనిచేస్తుందని చిన్నప్పుడు చదివిందే. కళ్లారా చూడటం ఇవాళే.

కెమెరాతో ఇంత దగ్గర్నుంచి తీసే మాక్రో ఫొటోలో ఫోకస్ నిలిచేది ఒకటి రెండు మిల్లీమీటర్ల మేరే. ఊపిరి పీల్చినా బొట్టు మసకబారిపోతుంది. అందుకే మెల్లగా ఊపిరి వదిలి, ఆ చివర్లో క్లిక్. మళ్లీ. మళ్లీ. ఎన్నిసార్లో లెక్కలేదు. నాన్న పోయాక, తెల్లారగానే గుండెల మీద కూర్చునే బరువు ఆ కాసేపూ గుర్తుకే రాలేదు.

ఇంటికొచ్చి అదే బొట్టును వాటర్ కలర్‌లో వేస్తున్నాను. మెరుపు కోసం తెల్లరంగు పూయలేదు, అక్కడ కాగితాన్ని ఖాళీగా వదిలేశాను. ఆ చిన్న ఖాళీని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

చుట్టూ ఉన్న పచ్చరంగు ఇంకా ఆరలేదు.