జట్టు పేరుతో కాదు, పోటీ పేరుతో వెతకండి

అభిమాన జట్టు ఆట ఏ ఛానెల్లో వస్తుందో తెలుసుకోవాలనుకునే వారిలో ఎక్కువమంది జట్టు పేరుతోనే వెతకడం మొదలుపెడతారు. అది సహజమే గాని, ఫుట్‌బాల్ ప్రసారాల వ్యాపారం ఆ లెక్కన నడవదు. పెద్ద పోటీలలో మ్యాచ్‌ను ప్రసారం చేసే హక్కును అమ్మేది సాధారణంగా జట్టు కాదు, పోటీని నిర్వహించే సంస్థ. ఆ సంస్థ తన మ్యాచ్‌లను మూటగట్టి, దేశాల వారీగా, కొన్ని సీజన్ల గడువుతో అమ్ముతుంది. అందువల్ల ఒక జట్టు ఎన్ని పోటీలలో పాల్గొంటుందో అన్నిచోట్ల విడివిడిగా వెతకవలసి వస్తుంది.

ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్‌నే తీసుకుందాం. ఆ జట్టు ఆడే ప్రీమియర్ లీగ్ (ఇంగ్లండ్‌లో అత్యున్నత స్థాయి లీగ్) మ్యాచ్‌ల హక్కులను ఆ లీగే అమ్ముతుంది. ఎఫ్‌ఏ కప్ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘానిది, లీగ్ కప్ అక్కడి కింది స్థాయి లీగులను నడిపే ఈఎఫ్‌ఎల్‌ది, ఛాంపియన్స్ లీగ్ యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన యూఈఎఫ్‌ఏది. అమ్మేవారు నలుగురైనప్పుడు కొనేవారు ఒక్కరే కావాలన్న నియమమేమీ లేదు. ఒకే వారంలో ఒకే జట్టు ఆడే రెండు ఆటలకు రెండు చందాలు కావలసి రావడానికి కారణం ఇదే. క్లబ్బుల తరఫున లీగే ఉమ్మడిగా అమ్మే ఈ పద్ధతి అన్నిచోట్లా మొదటినుంచీ లేదు. ప్రీమియర్ లీగ్ 1992లో పుట్టినప్పటినుంచీ ఉమ్మడిగానే అమ్ముతుండగా, స్పెయిన్‌లో మాత్రం క్లబ్బులు దేనికది తన బేరం తానే చేసుకునేది. దానివల్ల ఆదాయంలో పెద్ద భాగం రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలకే దక్కేది. 2015లో ప్రభుత్వం తెచ్చిన ఉత్తర్వుతో అక్కడా ఉమ్మడి అమ్మకమే తప్పనిసరి అయింది.

జాతీయ జట్ల అభిమానులకు చిక్కు మరో రకంగా ఉంటుంది. యూరప్ జట్ల అర్హత మ్యాచ్‌ల హక్కులను 2014 నుంచి యూఈఎఫ్‌ఏ ఒకేచోట కలిపి అమ్ముతోంది గనుక అవి వెతకడం కొంత సులువు. దక్షిణ అమెరికా ప్రపంచ కప్ అర్హత పోటీలలో మాత్రం ఆతిథ్యమిచ్చే దేశపు సంఘమే తన గడ్డపై జరిగే ఆట హక్కులను అమ్ముకుంటూ వచ్చింది. అర్జెంటీనా సొంతగడ్డపై ఆడిన మ్యాచ్ చూపిన ఛానెల్, ఆ జట్టు పరాయి దేశంలో ఆడేటప్పుడు చేతులెత్తేస్తే దానిని తప్పుపట్టి లాభం లేదు.

హక్కులు దేశాల వారీగా ఉండటంలోని విచిత్రమంతా ఇంగ్లండ్‌లో కనబడుతుంది. అక్కడ శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 వరకు ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారాలపై నిషేధం ఉంది. పెద్ద జట్ల ఆట ఇంట్లోనే కనబడితే చిన్న క్లబ్బుల మైదానాలకు జనం రారన్న భయంతో 1960లలో మొదలైన ఈ కట్టడి, మైదానాలలోకి ప్రేక్షకులనే రానివ్వని 2020లో సడలి, తరువాత మళ్లీ అమలులోకి వచ్చింది. సీజన్‌లో ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు 380 కాగా, 2025-26 నుంచి అమలైన ఒప్పందం ప్రకారం బ్రిటన్‌లో ప్రత్యక్షంగా ప్రసారమయ్యేవి దాదాపు 270 మాత్రమే. మిగిలిన ఆటలను సముద్రాల అవతలి అభిమాని తీరికగా చూస్తుంటే, మైదానానికి పక్క వీధిలో ఉన్నవాడు టికెట్ దొరక్కపోతే రేడియో పెట్టుకోవలసిందే. దూరపు అభిమానులమని బాధపడేవారు ఈ సంగతి ఒకసారి తలచుకోవచ్చు.

ప్రపంచమంతటికీ ఒకే చిరునామా ఉన్న పోటీలు అరుదు. అమెరికా మేజర్ లీగ్ సాకర్ 2022లో యాపిల్‌తో పదేళ్ల ఒప్పందం చేసుకుని, 2023 నుంచి తన మ్యాచ్‌లను అన్ని దేశాలకూ ఒకేచోట అందుబాటులోకి తెచ్చింది. 2025 క్లబ్ ప్రపంచ కప్‌ను ఇంటర్నెట్ క్రీడా ప్రసార సంస్థ డాజోన్ అన్ని దేశాలలోనూ ఉచితంగా చూపింది. ఇటువంటివి పెరగాలని నా కోరిక. అయితే దేశాల వారీ బేరంలో రాబడి బాగున్నంతకాలం పెద్ద లీగులు ఈ దారి పడతాయని నేను అనుకోను.

కాబట్టి నేను పాటించే వరుస ఇది. సీజన్ మొదలు కాకముందే జట్టు ఆడబోయే పోటీలను రాసుకుని, ఒక్కొక్క పోటీ అధికారిక వెబ్‌సైట్‌లో దేశాల వారీగా ప్రసారకర్తల పేర్లు ఇచ్చే పేజీ చూస్తాను. ప్రీమియర్ లీగ్, యూఈఎఫ్‌ఏ రెండూ అటువంటి జాబితాలు ఇస్తాయి. సెర్చ్‌లో ముందుగా తగిలే పాత వ్యాసాలను నమ్మకపోవడం మంచిది, ఎందుకంటే ఒప్పందాల గడువు తరచుగా రెండు సీజన్ల మధ్య వేసవిలోనే ముగుస్తుంది. ఆ తరువాత ప్రసార సంస్థ కార్యక్రమ పట్టికలో మ్యాచ్ ఉందో లేదో సరిచూడాలి. హక్కులు కొన్న సంస్థ అన్ని ఆటలూ చూపకపోవచ్చు, లేదా కొన్నింటిని ఖరీదైన చందాకే పరిమితం చేయవచ్చు. ఏడాది చందా కట్టేముందు జట్టు ఆటల లెక్క కూడా వేసుకోవాలి. ప్రీమియర్ లీగ్‌లో జట్టుకు 38 మ్యాచ్‌లు ఖాయం. ఛాంపియన్స్ లీగ్‌లో ఖాయమైనవి ఎనిమిదే, ఆపైన గెలుపును బట్టి. రెండో దానికి నెలనెలా కట్టుకునే చందాయే మేలని నా అభిప్రాయం.

మ్యాచ్ సమయాలు టీవీ కోసం తరచూ మారుతుంటాయి గనుక ఆ వారంలో మరోసారి చూసుకోవాలి. యూరప్‌లో మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాలలో గడియారాలు గంట ముందుకో వెనక్కో మారతాయన్నదీ గుర్తుంచుకోవాలి. స్నేహపూర్వక మ్యాచ్‌లకు మాత్రం పైన చెప్పిన సూత్రం తిరగబడుతుంది. వాటికి లీగుతో సంబంధం లేదు గనుక, క్లబ్ సొంత ఛానెల్‌నో యాప్‌నో మొదట చూడాలి. మాంచెస్టర్ యునైటెడ్ 1998లోనే తన ఛానెల్ పెట్టుకుంది.

అన్నీ కుదిరి ఆట తెరమీదికి వచ్చాక మిగిలేది ఆలస్యం. ఇంటర్నెట్ ప్రసారం మైదానం కన్నా కొన్ని సెకన్ల నుంచి నిమిషం దాకా వెనకబడి రావచ్చు కనుక, ఆట మొదలయ్యేలోపు ఫోన్‌లో స్కోరు సందేశాలు ఆపేయండి.