పుదీనా కుండీ మార్చిన రోజు

జూన్ 9

నిన్న మృగశిర కార్తె వచ్చింది. రాత్రి ఒక మంచి జల్లు పడింది. ఎండలు తగ్గేదాకా ఆగమని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చిన పని ఈ రోజు చేశాను.

పుదీనా కుండీని బోర్లించి తట్టగానే మట్టిముద్ద మొత్తంగా ఊడివచ్చింది. అంచు చుట్టూ వేళ్లూ కాడలూ చాపలా అల్లుకుపోయి ఉన్నాయి, నడుమ ఒక్క ఆకు లేదు. పుదీనాకు పాకడమే బతుకు. కొత్త మట్టి కోసం పక్కలకు పోతుంది, వెనక వదిలిన చోటు బోసిపోతుంది. కుండీలోనేమో పోవడానికి దారి ఉండదు. ఈ సంగతి తెలియని రోజుల్లో నీళ్లు చాలడం లేదనుకుని పోసీ పోసీ ఒక మొక్కను కుళ్లబెట్టాను. ఇప్పుడు లేత కణుపులున్న కాడలను జానెడేసి ముక్కలు చేసి, సగం మట్టి మార్చి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, అడ్డంగా పరిచి పైన పలుచగా మట్టి కప్పుతాను.

మిగిలిన కాడలు పక్కింటి పిన్నిగారికి ఇచ్చాను. ఆరేళ్ల కిందట నాకు మొదటి గుప్పెడు ఇచ్చింది ఆవిడే. ఈ వేసవిలో ఆవిడ కుండీ ఎండిపోయింది.

వాము ఆకుకు ఇంత శ్రమ లేదు, కొమ్మ విరిచి గుచ్చితే చాలు. మాఘంలో తల తుంచిన కరివేపాకు అయిదు కొమ్మలు వేసింది.

దిగులంతా తులసి గురించే. నాలుగేళ్ల మొక్క, కాండం చెక్కబారింది, ఆకు చిన్నదైపోయింది. అత్తయ్య ఉన్నప్పుడు ఆదివారం, ద్వాదశి తప్ప రోజూ స్నానం కాగానే వెన్నులు గిల్లేవారు. "గింజ కట్టనిస్తే తల్లికి భారమమ్మా" అనేవారు. ఈ ఏడాది నేను అశ్రద్ధ చేశాను, వెన్నులన్నీ కోటలోనే ఎండిపోయాయి. ఇది ఆవిడ నాటిన మొక్క కాదు, దాని గింజకు పుట్టినది. అందుకే మనసు మరీ బాధపడింది.

కరివేపాకు మొదట్లో కలుపు తీయబోతే రెండాకుల మొలకలు కనిపించాయి. ఒకటి నలిపి వాసన చూశాను. తులసే! గాలికి రాలిన గింజలు ఈ జల్లు కంటే ముందే మొలిచినట్టున్నాయి. ఇంకా పది ఉన్నాయి. నాలుగాకులు వచ్చేదాకా వాటిని కదపను.

పాత తులసి ఇంకా కోటలోనే ఉంది. సాయంత్రం దీపం దాని దగ్గరే పెట్టాను.