ఇందులో పక్కవాద్యం ఏది?

మా వయొలిన్ గురువు గారు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నవారు. గత నెల కోట దగ్గరున్న వారి ఇంటికి వెళ్లినప్పుడు, ఫ్రెంచ్ స్వరకర్త క్లోద్ దెబ్యుసీ వయొలిన్, పియానోల కోసం రాసిన సొనాటాను (కొన్ని భాగాలుగా సాగే వాద్య కృతిని) ఫోనులో వినిపించాను. 13 నిమిషాలకు పైగా సాగే ఆ కృతిని కళ్లు మూసుకుని చివరిదాకా విని, ఆయన ఒకే మాట అడిగారు: "ఇందులో పక్కవాద్యం ఏదమ్మా?"

అప్పటికి నా దగ్గర జవాబు లేదు.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, ఒకవైపు క్యాన్సర్‌తో బాధపడుతూనే, దెబ్యుసీ ఆరు సొనాటాలు రాయాలని సంకల్పించి మూడు మాత్రమే పూర్తి చేయగలిగారు. వాటిలో చివరిది ఇదే. 1917 మే 5న పారిస్‌లో దీనిని తొలిసారి వినిపించినప్పుడు వయొలిన్ వాయించినది గాస్టన్ పూలే అనే యువకుడు కాగా, పియానో ముందు కూర్చున్నది స్వరకర్తే. మరుసటి ఏడు మార్చిలో ఆయన కన్నుమూశారు. ఈ సంగతి తెలిసినవారు కృతిలో మృత్యుచ్ఛాయను వెతుకుతారు గాని, నాకు మాత్రం రెండవ భాగంలో వినిపించేది విదూషకుడి నడకే.

ఆరంభంలో పియానో మెల్లగా రెండు కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) వేస్తుంది. పాశ్చాత్యుల జి స్వరాన్ని షడ్జంగా భావిస్తే, మొదటిది సాధారణ గాంధారంతో కూడిన స-గ-ప, రెండవది చతుశ్రుతి ధైవతంతో కూడిన మ-ద-స. మైనర్ అనే పాశ్చాత్య స్వరక్రమంలో శుద్ధ ధైవతం కోసం ఎదురుచూసే చెవికి ఈ ధైవతం తగలగానే, మనలాంటివారికి ఖరహరప్రియ రాగం నీడ తోస్తుంది. అయితే అది రాగంగా నిలవదు, నిలపాలన్నది ఆయన ఉద్దేశమూ కాదు. అంతలో పైనుంచి దిగుతూ వయొలిన్ ప్రవేశిస్తుంది. పియానోకు గమకం (స్వరాన్ని జార్చడం, ఊపడం) లేదు, మీటిన స్వరం అక్కడే సన్నగిల్లిపోతుంది. జారు, కంపితం అన్నీ వయొలిన్ సొత్తు. అయినా ఒకటి మరొకదాని వెంట నడవదు. పాటగాడి వెనుక ఒక అడుగు దూరంలో నడవడమే మన కచేరీలో వయొలిన్ ధర్మం. 1919లో మా గురువు గారు చదివిన విజయనగరం కళాశాలలోనే వయొలిన్ ఆచార్యులుగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ వాద్యాన్ని వేదిక మధ్యకు తెచ్చారు. (పూలే ఆయన కంటే ఒక్క ఏడాదే పెద్ద.)

రెండూ సమానమేనని చెప్పడానికి మొన్న మళ్లీ వెళ్లాను. గురువు గారు ఒప్పుకోలేదు. "పియానో వాయించినది రాసినాయనే కదా, అయితే వయొలినే పక్కవాద్యం" అన్నారు.