ఒకటో తారీఖు రద్దీలో పడకుండా నెల సామాన్లు

విజయనగరంలో ఒకటో తారీఖు నుంచి ఐదో తారీఖు దాకా ఏ కొట్టు చూసినా జనమే. జీతాలు పడేది అప్పుడే, ఎన్టీఆర్ భరోసా పింఛను ఇంటికి తెచ్చి ఇచ్చేదీ ఒకటినే, రేషన్ డిపో తలుపు తీసేదీ ఆ రోజే. దానికి ఆదివారం తోడైతే గంటస్తంభం దగ్గర బండి పెట్టుకోడానికి చోటు దొరకడమే గగనం. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతుంటే నెల సామాన్ల తేదీని ఇరవైకి జరిపేయండి. జరిపే నెల మాత్రం ఒకటో తారీఖున ఇరవై రోజులకు సరిపడానే కొనాలి. నెలకు పది కిలోల బియ్యం అయ్యే ఇంట్లో ఆ ఒక్కసారికి ఏడు కిలోలు, కందిపప్పు రెండు కిలోలైతే కిలోన్నర చాలు. ఆ తర్వాత ప్రతి నెలా ఇరవైకే అయిపోతాయి.

తేదీ కుదరకపోతే వేళ మార్చుకోవచ్చు. సూపర్ మార్కెట్‌కి మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్యలో వెళ్ళడం మేలు. సాయంత్రం ఆరు దాటాక ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళు, ట్యూషన్లు అయిన పిల్లల్ని వెంటేసుకొచ్చేవాళ్ళు ఒకేసారి పడతారు. కిరాణా కొట్లకు ఇది వర్తించదు. చాలా కొట్లు మధ్యాహ్నం భోజనాలకు మూసేస్తారు కాబట్టి అక్కడికి పొద్దున్నే వెళ్ళాలి.

సూపర్ మార్కెట్‌లో బిల్లు కౌంటర్ ఒక్కటే క్యూ అనుకుంటాం గానీ నిజానికి మూడుంటాయి. మొదటిది కూరగాయలు, విడి పప్పులు తూచి స్టిక్కర్ అంటించే చోట. రెండోది బిల్లు దగ్గర. మూడోది బయటికొచ్చేటప్పుడు బిల్లు చూసి ముద్ర వేసే తలుపు దగ్గర. మొదటిదాన్ని చిన్నచూపు చూస్తే రెండోది పొడుగవుతుంది. స్టిక్కర్ లేని వంకాయల కవరు ఒక్కటి చాలు, కుర్రాడు దాన్ని పట్టుకుని వెనక్కి పరిగెత్తి వచ్చేదాకా లైను మొత్తం ఆగిపోతుంది. అందుకని లోపలికి వెళ్ళగానే ముందు తూకం పని ముగించేయండి. ఐస్‌క్రీం, పనీరు లాంటివి ఆఖర్న తీసుకుంటే కరగవు.

ఏ కౌంటర్లో నిలబడాలో తేల్చుకోవాలంటే బుట్టల ఎత్తు చూడకండి, మనుషుల్ని లెక్కపెట్టండి. వస్తువు స్కాన్ అవడానికి రెండు మూడు సెకన్లు చాలు. అసలు సమయం తినేది ఫోన్ నంబరు చెప్పడం, సంచి అడగడం, డబ్బు కట్టడం, చిల్లర వెతకడం. ఇవి మనిషికి ఒకసారి తప్పవు. కాబట్టి చిన్న బుట్టలవాళ్ళు నలుగురున్న లైను కన్నా నిండు బండి ఒక్కటున్న లైను చాలాసార్లు ముందు కదులుతుంది. ఆ బండిలో స్టిక్కర్ కవర్లు, రెండు ధరల సరుకు ఎక్కువుంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. ఒకే సబ్బు పాత ఎంఆర్‌పీది, కొత్త ఎంఆర్‌పీది రెండూ షాపులో ఉంటే స్క్రీన్ మీద ఏది ఎంచుకోవాలో అడుగుతుంది, కౌంటర్ అమ్మాయి ప్యాకెట్టు తిప్పి చూడాలి. 2025 సెప్టెంబరు 22న జీఎస్‌టీ రేట్లు మారినప్పుడు సబ్బులు, టూత్‌పేస్టుల దగ్గర ఈ తంటా బాగా కనిపించింది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నవాటిలో ఆ ఉచితాన్ని కూడా స్కాన్ చేయాలి. అది షెల్ఫ్ మీదే వదిలేసి వచ్చేవాళ్ళకు కొదవ లేదు.

బల్ల మీద పెట్టేటప్పుడు ఒకే రకం సరుకు ఒకచోట పెట్టండి. ఒకసారి స్కాన్ చేసి సంఖ్య కొట్టేస్తారు. బరువైనవి ముందు పెడితే సంచి అడుక్కి అవే పోతాయి, గుడ్లు, బ్రెడ్డు పైన పడతాయి. ఫోన్ నంబరు స్కాన్ మొదలవకముందే చెప్పేయండి. వెయ్యి రూపాయల లోపు బిల్లుకు యూపీఐ లైట్ వాడితే పిన్ అక్కర్లేదు, ఆ క్షణంలో బ్యాంకు సర్వర్ మీద ఆధారపడదు కాబట్టి ఆగిపోవడమూ తక్కువ. అందులో 5,000 దాకా ముందే నింపి ఉంచుకోవచ్చు. పెద్ద బిల్లుకు మామూలు యూపీఐ తప్పదు గనుక లైనులో ఉండగానే సిగ్నల్ చూసుకోండి. లోపలి వరసల్లో, సెల్లార్లలో సిగ్నల్ పోవడం తెలిసిందే. సిగ్నల్ పోతే ఇవ్వడానికి బిల్లుకు సరిపడా నోట్లు జేబులో ఉంటే మంచిది.

ఇంతా చెప్పి, నెల సామాన్లకు సూపర్ మార్కెట్ కన్నా తెలిసిన కిరాణా కొట్టుకే నా ఓటు. చిట్టీ రాసి పంపడం అక్కడ పాత అలవాటే, ఇప్పుడది వాట్సాప్‌లోకి వచ్చింది. రాత్రి పంపితే మర్నాడు కట్టి ఉంచుతారు, వెళ్ళి డబ్బిచ్చి తెచ్చుకోవడమే. అయితే చిట్టీ సరిగ్గా రాయకపోతే కొట్టువాళ్ళు నాలుగుసార్లు ఫోన్ చేస్తారు, లేదా వాళ్ళకు తోచింది కట్టేస్తారు. తిరిగి మార్చుకోడానికి మళ్ళీ అదే క్యూ.

‘మినపప్పు కిలో’ అంటే చాలదు. గుళ్ళా, బద్దలా, పొట్టుదా రాయాలి. ఇడ్లీకి గుళ్ళు కావలసినవాళ్ళకు పొట్టుపప్పు వస్తే ఆ వారం పొట్టు కడగడంతోనే సరి. పెసలు వేరు, పెసరపప్పు వేరు. రవ్వ అంటే బొంబాయి రవ్వా, ఇడ్లీ రవ్వా, గోధుమ రవ్వా తేల్చాలి. శెనగపప్పు కావాలో, వేయించినది కావాలో చెప్పాలి, లేకపోతే చట్నీకి తెచ్చింది కూరలోకి పోతుంది. నూనె ప్యాకెట్టా, డబ్బానా, ఎన్ని లీటర్లు అని రాయండి. చిట్టీలో విడిగా తూచేవన్నీ పైన, ప్యాకెట్లన్నీ కింద రాస్తే కట్టే కుర్రాడు తక్కెడ దగ్గర ఒక్కసారే నిలబడతాడు. పైన రాసేది ఇలా ఉంటే చాలు: కందిపప్పు రెండు కిలోలు, మినపగుళ్ళు కిలో, చింతపండు అరకిలో గింజ తీసింది, ఎండుమిర్చి పావుకిలో, బెల్లం కిలో. ఫలానా కంపెనీ లేకపోతే ఏది వేయాలో పక్కనే రాసేస్తే ఆ ఫోనూ తప్పుతుంది. డబ్బిచ్చేముందు చిట్టీ పట్టుకుని ఒక్కొక్కటీ చూసుకోండి. కొట్టు నమ్మకమైనదే అయినా పొట్లాలు తారుమారవడం మామూలే.

కూరగాయలకు 1999లో మొదలైన రైతు బజార్లే మేలు. ఆదివారం పొద్దున్న తప్పితే ఏ రోజైనా ఏడింటి లోపు వెళ్తే సులువు. గేటు దగ్గరి దుకాణాల్లోనే అందరూ ఆగిపోతారు. ధరల బోర్డు చూసుకుని చివరి దుకాణాల నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి. పది, ఇరవై నోట్లు ఉంటే బేరం త్వరగా తెగుతుంది.

వీధిలోకి వచ్చే రేషన్ బండ్లు ఆగిపోయాయి కాబట్టి 2025 జూన్ నుంచి మళ్ళీ డిపోకే వెళ్ళాలి. నెలలో 1 నుంచి 15 దాకా, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. మొదటి రెండు రోజులు సర్వర్ నెమ్మదిస్తుంది. ఏడో తారీఖు తర్వాత సాయంత్రం అయిదింటికి వెళ్తే జనం పల్చగా ఉంటారు. 14 దాకా ఆగితే మాత్రం ఇంకో రద్దీ. వేలిముద్ర పడకపోవడం ఇక్కడి అసలు గొడవ. నాట్లు, కోతలు చేసే చేతుల్లో గీతలు అరిగిపోతాయి, గిన్నెలు తోమి వెంటనే వస్తే వేళ్ళు నాని ముడతలు పడతాయి. వేలు పొడిగా తుడిచి, బొటనవేలు పడకపోతే వేరే వేలు పెట్టండి. అదీ కాకపోతే కంటిపాప స్కాన్ చేయమని అడగండి, లేదా కార్డులో పేరున్న ఇంకొకరిని పంపండి. మీ డిపోలో గోలగా ఉంటే రాష్ట్రంలో వేరే డిపోలోనూ తీసుకోవచ్చు. 65 ఏళ్ళు దాటినవాళ్ళకు, దివ్యాంగులకు ఇంటికే ఇస్తారు.

దసరా వెళ్ళిన తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా దారంతా జనమే, ముందు రోజు జరిగే తొలేళ్ళ ఉత్సవానికీ అంతే. ఊరి మధ్య కొట్లలో కొనేవి శనివారానికే తెచ్చేసుకోవాలి.

సంక్రాంతికి క్యూ కొట్లో కాదు, పిండి మర దగ్గర. అరిసెలకు బియ్యం ఒక రాత్రి, ఒక పగలు నానబెట్టి, నీళ్ళు ఓడ్చి, తడి ఆరకముందే ఆడించాలి. లైనులో రెండు గంటలు ఎండకు పెడితే బియ్యం ఆరిపోయి పిండి పాకంలో కలవదు, అరిసె నూనెలో విచ్చిపోతుంది. మరవాళ్ళు తడిపిండికి వేరే వేళ పెట్టేది కూడా అందుకే, మధ్యలో పొడిపిండి ఆడితే రాళ్ళకు అంటుకుని శుభ్రం చేయాల్సి వస్తుంది. నానబెట్టే ముందు రోజే వెళ్ళి ‘తడిపిండి ఎప్పుడు ఆడతారు బాబూ?’ అని అడిగి, ఆ వేళకు సరిపోయేలా నీళ్ళు పోయండి. బియ్యం తడిగుడ్డ కప్పిన గిన్నెలో తీసుకెళ్ళండి. కారం ఆడిన మర అయితే ముందు ఒక గుప్పెడు బియ్యం వేసి తీయమనండి. కిలో లోపైతే మర జోలికే పోవద్దు. మిక్సీలో గుప్పెడేసి వేసి, సన్నని జల్లెడ పట్టి, మిగిలిన రవ్వను మళ్ళీ తిప్పితే అరగంటలో అయిపోతుంది.