పేరు వెనక అవ్వలు

టెక్సాస్‌లో డాలస్‌కు దగ్గరి ఒక ప్రాథమిక పాఠశాలలో నేను మూడో తరగతి పిల్లలకు చదువు చెబుతాను. ఈ రాష్ట్రపు ప్రభుత్వ బడుల్లో సగానికి పైగా పిల్లలు హిస్పానిక్ కుటుంబాల వాళ్లే. నంద్యాల నుంచి వచ్చిన నాకు అమెరికా మొదట పరిచయమైంది స్పానిష్ మాట్లాడే ఆ ఇళ్ల ద్వారానే. ఏటా సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 వరకు ఇక్కడ హిస్పానిక్ వారసత్వ మాసం జరుపుతారు. 1968లో వారోత్సవంగా మొదలై 1988లో నెల రోజులకు పెరిగిన ఈ వేడుక నెల నడుమ ఎందుకు మొదలవుతుందో తొలి ఏడాది నేను తెలుసుకోలేదు. అందువల్ల ఒక పిల్లవాడి మనసు నొప్పించాను.

ఆ ఏడాది రంగు అట్టలతో వెడల్పాటి అంచుల మెక్సికో టోపీలు చేయించి అందరికీ పెట్టించాను. ఒక్క కుర్రవాడు మాత్రం తన టోపీని బల్ల కింద దాచుకొని కూర్చున్నాడు. దగ్గరికి వెళ్లి అడిగితే, తప్పు తనదే అయినట్టు తల వంచుకొని, "మిస్, మాది మెక్సికో కాదు, ఎల్ సాల్వడార్" అన్నాడు. తెలుగువాళ్లమని చెప్పినా వినకుండా 'మద్రాసీలు' అన్నవారి మీద ఒకప్పుడు ఎంతో కోపం తెచ్చుకున్న నేను, అదే పని ఎనిమిదేళ్ల పిల్లవాడికి చేశాను.

గ్వాటెమాల, ఎల్ సాల్వడార్, హోండురాస్, నికరాగ్వా, కోస్టారికా స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది 1821 సెప్టెంబరు 15న అని ఆ రాత్రి చదివి తెలుసుకున్నాను. మెక్సికో స్వాతంత్ర్య దినం ఆ మర్నాడు, చిలీది 18న. అంటే ఈ మాసం మొదలయ్యేదే ఆ పిల్లవాడి దేశపు పండుగనాడు. ఆ మరుసటి ఏడాది నుంచి మా తరగతిలో మొదటి పాఠం గోడ మీది పటం ముందే జరుగుతోంది. తమ తాతలు ఏ ఊరి వారో కనుక్కొని వచ్చి పిల్లలే అక్కడ గుండుసూది గుచ్చుతారు.

టోపీల స్థానంలో పుస్తకాలు వచ్చాయి. పెరూలో పుట్టిన హువానా మార్టినెస్ నీల్ 2018లో రాసి, బొమ్మలు కూడా తానే వేసిన 'ఆల్మా అండ్ హౌ షి గాట్ హర్ నేమ్' నాకు అన్నిటికంటే ఇష్టం. ఆల్మా సోఫియా ఎస్పెరాన్సా హోసే పూరా కాండెలా అనే చిన్నపిల్ల, ఇంత పొడుగు పేరు తనకెందుకని వాపోతుంది. వాళ్ల నాన్న ఒక్కో పేరూ ఏ అవ్వదో, ఏ తాతదో, వాళ్లు ఎలాంటి మనుషులో చెబుతాడు. మా ముత్తవ్వ పేరు నాకు పెట్టిన సంగతి నేను పిల్లలకు చెప్పేది ఈ కథ చదివాకే. మనకు ఇంటిపేరు ముందు వస్తుందంటే వాళ్లకు ఎంత ఆశ్చర్యమో! స్పానిష్ సంప్రదాయంలో నాన్న ఇంటిపేరు, ఆ వెనక అమ్మ ఇంటిపేరు రెండూ ఉంటాయి. బడి కాగితాల్లో చాలాసార్లు రెండోది రాలిపోతుంది. పేరు కథ అడిగి రమ్మని పంపితే, ఒక అమ్మాయి కాగితానికి ఇంకో కాగితం అతికించి, హాజరు పట్టీలో లేని అమ్మ ఇంటిపేరును అన్నిటికంటే పెద్ద అక్షరాలతో రాసుకొచ్చింది. ఆ రోజు నుంచి హాజరు వేసేటప్పుడు ఆమె పూర్తి పేరే పిలిచాను.

పుస్తకాలు ఎంచుకోవడానికి నాకు దారి చూపేది పురా బెల్‌ప్రే పేరిట పిల్లల పుస్తకాలకు 1996 నుంచి ఇస్తున్న పురస్కారం. 1921లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో చేరిన ఆమె అక్కడి తొలి ప్యూర్టోరికన్ లైబ్రేరియన్. తాను చిన్నప్పుడు విన్న కథలు ఆ అల్మారాల్లో కనిపించకపోతే, వాటిని తానే చెప్పారు, బొమ్మలాటగా ఆడించారు. వాటిలో బొద్దింక మార్టినా, ఎలుక పెరెస్‌ల కథను 1932లో పుస్తకంగా తెచ్చారు. మా పిల్లలు పాత మేజోళ్లకు బొత్తాల కళ్లు కుట్టి ఆ కథను ఆడతారు. అన్నట్టు, అల్మారా మాట మనకు పోర్చుగీసు నుంచి వచ్చింది, స్పానిష్‌లో అది 'అర్మారియో'. ఒక పిల్ల ఆ మాట రాసిన చీటీని మా తరగతి బీరువాకు అంటించిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

టోపీ దాచుకున్న పిల్లవాడి చెల్లెలు రెండేళ్ల తరవాత నా తరగతికి వచ్చింది. ఆ ఏడు వాళ్ల అవ్వను బడికి పిలిచాను. ఆమె మొక్కజొన్న పిండి ముద్ద తెచ్చి, నడుమ చిక్కుడుగింజల ముద్ద, చీజ్ పెట్టి మూసి, రెండు అరచేతుల మధ్య తిప్పుతూ తట్టి పుపూసా చేసి చూపించారు. తడి చేతుల ఆ చప్పుడు వినగానే నేనూ ఒక ముద్ద తీసుకొని తట్టాను. ఆమె తట్టడం ఆపి నా చేతుల వంక చూసి, మనవరాలితో ఏదో అన్నారు. "మీకు ఎవరు నేర్పారని అడుగుతోంది, మిస్" అంది ఆ పిల్ల. జొన్నరొట్టెలు తట్టడం మా అవ్వ నేర్పిందని చెప్పాను. ఆమె మనవరాలు దాన్ని స్పానిష్‌లో చెప్పడం మొదలుపెట్టింది. అందులో నాకు తెలిసిన మాట 'అబువేలా' ఒక్కటే, అంటే అవ్వ. ఆ మాట వినగానే ఆమె తన ముద్ద పక్కన పెట్టి, అంచులు పగలకుండా వేళ్లు ఎక్కడ నొక్కాలో నా చేయి పట్టుకొని చూపించారు.