ఒదుగు లెక్క: దుకాణం సొంత బ్రాండు సరుకుల పరీక్ష, నాలుగో నెల

డీమార్ట్ ప్రీమియా, రిలయన్స్ గుడ్ లైఫ్, బిగ్‌బాస్కెట్ బీబీ రాయల్ లాంటి సొంత బ్రాండ్లను పేరున్న కంపెనీల సరుకుతో పోల్చే పని నాలుగో నెలకు వచ్చింది. ఉప్పు, పంచదార, నూనె ముందే అయిపోయాయి. ఈ నెల వంతు పప్పులది, ముఖ్యంగా మినపగుళ్లది. పద్ధతి మారలేదు: ప్యాకెట్టు మీది ధర కాదు, గిన్నెలోకి వచ్చినదాని ధర రాసుకోవాలి.

మొదటి వారం: పాత పేజీల సవరణ

2025 సెప్టెంబరు 22కు ముందు రాసిన ధరలు కొన్ని సరుకుల విషయంలో ఇక పనికిరావు. ఆ రోజు నుంచి బిస్కెట్లు, ఒంటి సబ్బులు, టూత్‌పేస్టు మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కు, నెయ్యి, వెన్న మీద 12 నుంచి 5కు దిగింది. ఈ పేజీలు కొట్టేసి కొత్తగా రాయాలి. బట్టల సబ్బుపొడికి 18 శాతమే ఉంది కాబట్టి ఆ పేజీ అలాగే ఉంచవచ్చు.

పప్పుల పట్టికకు మాత్రం మూడో గడి తప్పనిసరి: కిరాణా కొట్లో విడిగా తూచి ఇచ్చే పప్పు. 2022 జూలై 18 నుంచి లేబులు వేసి ముందే ప్యాక్ చేసిన 25 కిలోల లోపు పప్పులు, బియ్యం మీద 5 శాతం పన్ను ఉంది. విడి సరుకుకు లేదు. రెండు బ్రాండ్ల మధ్యే చూస్తూ పోతే ఈ తేడా కంటపడదు.

ప్యాకెట్టు వెనక రాసుకోవాల్సినవి నాలుగు: నికర బరువు, ప్యాక్ చేసిన తేదీ, బ్యాచ్ నంబరు, తయారుచేసిన లేదా ప్యాక్ చేసినవారి 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు. సొంత బ్రాండు మీద అమ్మేవారి నంబరు, ప్యాక్ చేసినవారి నంబరు వేరువేరుగా ఉండవచ్చు. రెండోదే మనకు కావాలి. రెండు బ్రాండ్ల మీదా ఒకే నంబరు కనిపిస్తే సరుకు ఒకటేనని తీర్పు ఇవ్వకూడదు. ఒకే మిల్లు గింజ సైజును బట్టి, నూక శాతాన్ని బట్టి రకాలు విడదీసి వేరువేరు ధరలకు ఇస్తుంది. మిల్లు ఒకటే అయినా జల్లెడ వేరు. పైగా సొంత బ్రాండుకు ప్యాక్ చేసేవారు మధ్యలో మారిపోవచ్చు. అందుకే కొన్న ప్రతిసారీ ఆ నంబరు చూడాలి. అది మారితే పరీక్ష మళ్లీ మొదటికి వచ్చినట్టే.

నూనె పేజీలో ఒక చేర్పు. లీటరు పక్కన లీటరు పెట్టి పోల్చడం చాలదు, గ్రాములు చూడాలి. వేడికి నూనె వ్యాకోచిస్తుంది: లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర సుమారు 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర సుమారు 893 గ్రాములే. పక్కపక్కన ఒకే ఎత్తున ఉండే ప్యాకెట్లలో ఒకటి 910 గ్రాములు, ఇంకొకటి 850 గ్రాములు ఉండటం మామూలే. ధరను గ్రాములతో భాగిస్తే చవక ప్యాకెట్టు ఏదో తేలిపోతుంది.

రెండు, మూడు వారాలు: మినపగుళ్లు

ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువగా మోసపోయేదీ ఇక్కడే. ఇడ్లీపిండిలో పప్పు ఒదగాలి, అంటే రుబ్బితే పొంగి పిండి ఎక్కువ రావాలి. ఒదగని పప్పు ఎంత చవకైనా ఖరీదే.

గుళ్లతో గుళ్లనే పోల్చాలి, బద్దలతో కాదు. ఒక్కో రకం 200 గ్రాములు తూచి, చాటలో చెరిగి, నూక, నల్లపొట్టు గింజలు, బెడ్డలు తీసి, వాటి బరువు విడిగా రాయాలి. కడిగి, వేరువేరు గిన్నెల్లో ఒకేరకం నీళ్లు పోసి నాలుగు గంటలు నానబెట్టాలి. గ్రైండరులో ఒక్కోటి 30 నిమిషాలు, చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ రుబ్బాలి. పోసిన నీళ్లు కొలగ్లాసుతో లెక్కపెట్టాలి. రుబ్బిన పిండిని నిటారు గోడలున్న పాత్రలోకి తీసి మట్టం చూడాలి. ఒక చుక్క నీళ్లలో వేస్తే తేలాలి. మునిగితే గాలి పట్టలేదని అర్థం.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే: మొదటి వాయి రుబ్బాక రాయి వేడెక్కి ఉంటుంది. వెంటనే రెండోది వేస్తే పిండి వేడెక్కి పొంగు తగ్గుతుంది, నింద పప్పు మీద పడుతుంది. 40 నిమిషాలు రాయిని చల్లారనిచ్చి, మరుసటి వారం వరస తిరగేయాలి. రెండో పొరపాటు, రెంటికీ కచ్చితంగా ఒకే కొలత నీళ్లు పోయడం. మంచి పప్పు ఎక్కువ నీళ్లు తాగుతుంది. దాన్ని బిగించి రుబ్బితే దాని బలం బయటపడదు. పిండి పదును ఒకేలా ఉండాలి, నీళ్లు ఎన్ని పట్టాయో రాసుకోవాలి. ఇక మిక్సీలో ఈ పరీక్ష చేయకపోవడమే మేలు, బ్లేడు వేడికి రెండు రకాలూ ఒకలాగే చప్పబడతాయి.

లెక్క ఇలా. కిలో 150 రూపాయల గుళ్లు 200 గ్రాములకు 1,100 మిల్లీలీటర్ల పిండి ఇచ్చాయనుకుందాం. కిలో 130 రూపాయలవి 900 ఇచ్చాయనుకుందాం. మొదటిదానికి 100 మిల్లీలీటర్ల పిండి 2 రూపాయల 73 పైసలు, రెండోదానికి 2 రూపాయల 89 పైసలు. కిలోకు 20 రూపాయలు మిగిలిందనుకున్నది నిజానికి నష్టం. ధర తగ్గిన శాతం కన్నా ఒదుగు తగ్గిన శాతం ఎక్కువైతే ఆ ప్యాకెట్టు వదిలేయాలి. గ్లాసు పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ కలిపేవాళ్లకు ఈ తేడా ఇడ్లీ గట్టిదనంలో నేరుగా తెలుస్తుంది.

నిర్ణయం: మినపగుళ్లు సొంత బ్రాండుకు మార్చలేదు. ఒక బ్యాచ్ బాగా ఒదిగింది, తర్వాతిది ఒదగలేదు. ఇలా నిలకడ లేనప్పుడు కిలో ప్యాకెట్టు తెచ్చి పరీక్షించాకే నెలంతటికీ కొనాలి.

నాలుగో వారం: కందిపప్పు, టీపొడి, కారం

కందిపప్పుకు రెండు కుక్కర్లు వద్దు. ఒకే కుక్కరులో రెండు గిన్నెలు పెడితే మంట, విజిళ్లు రెంటికీ సమానం. ఒక్కో గిన్నెలో 100 గ్రాముల పప్పు, 300 మిల్లీలీటర్ల నీళ్లు, అరగంట నానబెట్టి నాలుగు విజిళ్లు. పప్పుగుత్తితో చెరో పదిసార్లు మెదిపి, పలుకు మిగిలిందా చూడాలి. పాత నిల్వ పప్పు ఉడకదు. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం కూడా ఉడుకు ఆపుతాయి కాబట్టి రెంటికీ తాగే నీళ్లే వాడాలి. గొడ్డలి ఆకారంలో పలకలు తేలిన గింజలుంటే అవి కందిపప్పులో కల్తీకి వాడే కేసరిపప్పు కావచ్చు, ఆ ప్యాకెట్టు వాపసు ఇచ్చేయండి. కందిపప్పు సొంత బ్రాండుకు మారింది, ప్యాక్ తేదీ మూడు నెలలు దాటనంతవరకే.

టీపొడి చెంచాతో కొలవకూడదు. డస్టు రకం చెంచాలో ఎక్కువ పడుతుంది, ఆకు రకం తక్కువ. 5 గ్రాములు తూచి వేయాలి. రుచికి మూడు గ్లాసులు: రెండింట్లో ఒక పొడి, మూడోదాంట్లో ఇంకోటి. వేరేది ఏదో చెప్పాలి. ఊరికే చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కనుక, ఆరుసార్లలో కనీసం ఐదుసార్లు పట్టుకుంటేనే తేడా ఉన్నట్టు లెక్క.

కారంలో ఘాటు, రంగు వేరువేరు. మిరప రకాల్లో తేజది ఘాటు, బ్యాడిగిది రంగు. ఘాటైనది తక్కువ పడుతుంది కాబట్టి కూరకు ఎన్ని గ్రాములు వేశారో రాయాలి. ఆవకాయ జాడీలో మాత్రం కొత్త కారం ప్రయోగం వద్దు, ముందు 100 గ్రాములు కొని రోజువారీ కూరల్లో నెల చూడండి.

ఉప్పు మీద మళ్లీ సమయం పెట్టక్కర్లేదు. అమ్మే దగ్గర కనీసం 15 పీపీఎం (పది లక్షల వంతుల్లో 15) అయొడిన్ ఉండాలన్న నిబంధన అందరికీ ఒకటే.

వచ్చే నెల గోధుమపిండి. ఒక్కోటి 100 గ్రాములు, 60 మిల్లీలీటర్ల నీళ్లతో మొదలుపెట్టి, ముద్ద మెత్తబడేదాకా 2 మిల్లీలీటర్ల చొప్పున పెంచాలి. 30 గ్రాముల ఉండలు చేసి కాల్చి, నాలుగు గంటల తర్వాత చపాతీ మడిచి చూడాలి, మడత దగ్గర విరుగుతుందా లేదా అని.