బాగు అంటే రెండు

ఆమదాలవలసలో రైలు దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. సన్నగా జల్లు పడుతోంది. టీ కొట్టాయన గ్లాసు చేతికిస్తూ "ఏటి బావూ, ఎందాకా?" అన్నాడు. ముఖలింగం అన్నాను. "శివరాత్రి కూడా కాదు, ఇప్పుడెందుకేటి?" అన్నాడు. సెలవు దొరికింది ఇప్పుడే అని చెప్పాను. అది సగం నిజం.

మిగతా సగం చెప్పాలంటే నా ఉద్యోగం గురించి చెప్పాలి. హైదరాబాద్‌లో ఒక పత్రికలో సబ్ ఎడిటర్‌ని. జిల్లాల నుంచి వచ్చే వార్తల భాష సరిచేయడం నా పని. "ఒగ్గేశారు" అని వస్తే "వదిలేశారు" అని మారుస్తాను. "గుంటడు" వస్తే "బాలుడు" చేస్తాను. నాదీ శ్రీకాకుళం జిల్లాయే. ఇంటర్ చదవడానికి వేరే జిల్లా హాస్టల్‌కి వెళ్లిన మొదటి రోజు "నానూ వస్తాను" అన్నందుకు రెండేళ్లపాటు నా పేరు "నాను" అయిపోయింది. ఆ రెండేళ్లలో నా యాసను ఎంత బాగా వదిలించుకున్నానంటే, చివరికి అదే నాకు జీతమిచ్చే విద్య అయింది.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం పేజీ కూడా నా మీదే పడుతుంది. గిడుగు వెంకట రామమూర్తి పుట్టినరోజు. అదే తలపాగా ఫొటో, అదే "వ్యావహారిక భాషోద్యమ పితామహుడు" అనే శీర్షిక. చివర్లో చోటు మిగిలితే "సవర భాషకు కూడా సేవ చేశారు" అని ఒక వాక్యం. సవరలంటే మా వైపు కొండల్లోని గిరిజనులు. చోటు చాలకపోతే ముందుగా ఎగిరిపోయేదీ ఆ వాక్యమే. ఈసారి దాన్ని కొట్టేస్తుంటే ఎందుకో చెయ్యి ఆడలేదు. పేజీ పంపించేసి, నాలుగు రోజులు సెలవు రాసి, రైలెక్కాను.

ముఖలింగం బస్సు వరి మళ్ల మధ్య నుంచి వెళుతుంది. వంశధార ఎర్రనీళ్లతో నిండుగా ఉంది. గుడి దగ్గర దిగేసరికి వాన ఆగింది కానీ రాళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. మధుకేశ్వరుడి గుడి ఇది. మధుకమంటే ఇప్పచెట్టు, ఆ చెట్టు మొదట్లోంచే శివుడు వెలిశాడంటారు. ఆ కథలో సవరలు కూడా ఉంటారు. ఊళ్లోనే భీమేశ్వరాలయం, సోమేశ్వరాలయం కూడా ఉన్నాయి. శిల్పం గురించి చాలామంది రాశారు, నేను రాయను. నేను వచ్చింది రాతి మీది రాత కోసం.

స్తంభాల మీద శాసనాలు బారులు తీరి ఉన్నాయి. నూనె, విభూతి, వందల ఏళ్ల చేతుల రాపిడి. ఒక స్తంభం ముందు కూర్చుని ఒక వరుస మీద వేలు పెట్టి చదవడానికి ప్రయత్నించాను. ఒక గుండ్రని అక్షరం 'ర' లాగానే ఉంది. పక్కది 'న' కావచ్చు. మూడోది ఏమిటో తెలియలేదు. తలకట్టు ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. అరగంటలో నాకు దొరికినవి నాలుగు అక్షరాలు. అక్షరాలు దిద్దే ఉద్యోగం చేసేవాడికి ఇది కాస్త సిగ్గుగానే అనిపించింది.

గిడుగు ఇవి చదవడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆయన పుట్టింది ఈ పక్కనే పర్వతాలపేటలో, 1863లో. పన్నెండేళ్లకే తండ్రి పోయారు. విజయనగరంలో చదువు, అక్కడ గురజాడ అప్పారావు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు ముప్పై రూపాయల ఉద్యోగం. చరిత్ర పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు, చరిత్ర అంతా మన గుళ్ల గోడల మీదే ఉంటే పుస్తకాల్లో వెతకడమేమిటి అనుకున్నాడో ఏమో, ప్రాచీన లిపుల పుస్తకాలు తెప్పించుకుని, ఈ అక్షరాలతో పోల్చుకుంటూ సొంతంగా చదవడం నేర్చాడు. గాంగరాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమే అని వాదించిన వాళ్లలో ఆయన ఒకడు. నాకు అనిపించేది ఏమిటంటే, ఈ స్తంభాల దగ్గర కూర్చున్నవాడికి భాష మారదని ఎవరైనా చెబితే నవ్వొస్తుంది. ఒక్కో శతాబ్దానికీ ఒక్కోలా ఉన్న తెలుగు వేలి కింద తగులుతూనే ఉంటుంది కదా.

పర్వతాలపేట వెళ్లాను. పొలాలు, పెంకుటిళ్లు, డాబాలు, గేదెలు. అన్ని ఊళ్లలాగే ఉంది. పది నిమిషాలు నిలబడి వచ్చేశాను.

మర్నాడు టెక్కలిలో గుణుపురం ప్యాసింజరు ఎక్కాను. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా ఈ దారిని పర్లాకిమిడి రాజు 1900లో వేయించాడు. అప్పుడది రెండున్నర అడుగుల నారోగేజ్ బుల్లి రైలు. చిన్నప్పుడు ఒకసారి నాన్నతో అందులో వెళ్లాను, దిగి మూత్రం పోసుకుని పరిగెత్తి మళ్లీ ఎక్కేవాళ్లను చూసిన గుర్తు. 2004లో దాన్ని ఆపేసి, తర్వాత పెద్ద పట్టాలు వేశారు. పాతపట్నం దాటి మహేంద్రతనయ అవతలికి పోతే ఒడిశా. రైల్లో మాత్రం సరిహద్దు ఎక్కడా తెలియదు, జనం మాటలో తేడా ఉండదు కాబట్టి.

పర్లాకిమిడిలో దిగాక తెలిసింది. బజారంతా తెలుగు మాట్లాడుతోంది, బోర్డులు మాత్రం ఒడియాలో ఉన్నాయి. గొడుగులు పట్టుకుని వరుసలో నిలబడ్డట్టుండే ఆ అక్షరాల ముందు నేను చదువురానివాణ్ని. మందుల షాపు ఏదో, ఎరువుల షాపు ఏదో లోపల సీసాలు చూసి పోల్చుకోవాల్సి వచ్చింది. బస్సు వేళలు రాసిన బోర్డు దగ్గర ఒక కుర్రాణ్ని "కాస్త చదివి పెట్టు తమ్ముడూ" అని అడిగాను. వాడు నా ప్యాంటూ షర్టూ చూసి, ఆటపట్టిస్తున్నానేమో అనుకుని, చదవకుండానే వెళ్లిపోయాడు.

ఈ ఊళ్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాడు గిడుగు. కొండల్లోంచి సవరలు సంతకు దిగేది ఇక్కడికే. వాళ్లకి చదువు చెప్పాలని ఆయనకు పట్టుకుంది. చెప్పాలంటే ముందు వాళ్ల భాష రావాలి. అప్పుడు అందరూ చేసే పని, వాళ్లకే తెలుగు నేర్పడం. ఈయన తిరగేశాడు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, తానే శిష్యుడయ్యాడు. ఊరికే పదాల పట్టిక రాసుకోవడం కాదది. సవర తెలుగుకి చుట్టం కాదు, ముండా కుటుంబపు భాష. సంతాలీ, ముండారీలదీ అదే కుటుంబం. దూరపు బంధువులు కాంబోడియా, వియత్నాంలలో ఉన్నాయి. సవరలో పుస్తకాలు రాశాడు, సొంత డబ్బుతో బళ్లు పెట్టాడు, పంతుళ్లకు జీతాలిచ్చాడు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో బడి పెట్టండి చాలు అన్నాడు. మన్యం జ్వరాలకు మింగిన క్వినైన్ చెవులు పాడుచేసింది. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చే నాటికి ఆయనకు దాదాపు చెవుడే.

మేం ఏటా వేసే పేజీలో వరుస తప్పు, అది నాకు పర్లాకిమిడి బజారులో నిలబడ్డాక గానీ తట్టలేదు. సవర పని మొదలైంది 1890ల్లో. వ్యావహారిక తెలుగు గొడవ తర్వాతది. యేట్స్ అనే తెల్ల దొర బళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చి, మీరు మాట్లాడేదొకటీ పుస్తకాల్లో రాసేదొకటీ ఎందుకని అడగడంతో 1907 ప్రాంతంలో గిడుగు అందులోకి దిగాడు. ఆ ప్రశ్న అప్పటికే ఎంతోమంది విన్నారు. ఈయన్ని మాత్రం అది వదల్లేదు. తనది కాని భాషలో కూర్చోబెడితే పిల్లవాడి మొహం ఎలా ఉంటుందో కొండ బళ్లలో చూసి ఉన్నవాడు కాబట్టే అనుకుంటాను. ఊళ్లో తెలుగు పిల్లలూ గ్రాంథికం ముందు అదే మొహం పెట్టుకుని కూర్చున్నారు.

ఆ గొడవలో నాకు ఇష్టమైన ముక్క ఒకటుంది. 1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనల్ వ్యాసం కావ్యభాషలో గానీ ఆధునిక భాషలో గానీ రాయవచ్చని ఉత్తర్వు వచ్చింది. ఆధునిక భాషకు నమూనాగా చూపిన పుస్తకాల్లో ఒకటి ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. అంటే ఒక యాత్ర పుస్తకం. పండితులు గగ్గోలు పెట్టారు, జయంతి రామయ్య పంతులు ముందు నిలిచారు, కొద్దికాలానికే ఆ వెసులుబాటు పోయింది. గిడుగు ఊరుకోలేదు. 1919లో 'తెలుగు' అని పత్రిక పెట్టాడు. 1925లో తణుకు సభలో నాలుగు గంటలు మాట్లాడాడు.

మూడో రోజు గుణుపురం రైలు. ఎదురు బెంచీ మీద ఒక ముసలావిడ, పక్కన ఎనిమిదేళ్ల మనవడు. చెవుల నిండా పోగులు, ఒళ్లో తట్ట. తట్టలో సంతలో అమ్ముడుపోని మొక్కజొన్న పొత్తులు. తెలుగూ ఒడియా కలిపి మాట్లాడుతోంది, మనవడితో మాత్రం వేరే భాష. సవరేనా అని అడిగాను. తలూపింది. ఎన్ని మిగిలాయమ్మా అన్నాను, మాట కలపడానికి. ఆవిడ మనవణ్ని మోచేత్తో పొడిచింది. వాడు ఒక్కో పొత్తు తీసి బెంచీ మీద పెడుతూ లెక్క మొదలుపెట్టాడు.

"అబొయ్."

రెండో పొత్తు పెట్టి "బాగు" అన్నాడు. బాగుందంటున్నాడు కాబోలని "అవును, బాగున్నాయి" అన్నాను. ఇద్దరూ పడీపడీ నవ్వారు. బాగు అంటే రెండు.

యాగి, ఉంజి, మొల్లొయ్. అలా పన్నెండు దాకా వచ్చాడు: మిగ్గల్. ఇంకొక్క పొత్తు మిగిలింది. మన లెక్కలో పదీ మూడూ. వాడు "మిగ్గల్‌బొయ్" అన్నాడు. పన్నెండూ ఒకటీ. సవర లెక్క పన్నెండు దగ్గర మలుపు తిరుగుతుంది, మళ్లీ ఇరవై దగ్గర. ముప్పై తొమ్మిది అనాలంటే ఇరవై, పన్నెండు, ఏడు కలపాలి. ఈ లెక్కతో ఇంటి దగ్గర ఠంచనుగా పొత్తులు అమ్మే పిల్లవాణ్ని బడిలో పదుల ఎక్కం ముందు కూర్చోబెట్టి, వీడికి లెక్కలు రావు అని రాసేస్తే? వాడు చదివేది ఒడియా బడి. సరిహద్దుకు ఇటు సవర పాఠాలు ఒడియా అక్షరాల్లో, అటు సీతంపేట వైపు తెలుగు అక్షరాల్లో. సవరలకు సొంత లిపి కూడా ఉంది, సొరా సోంపెంగ్. ఈ గుణుపురం ప్రాంతపు మంగేయి గొమాంగో 1936లో కట్టినది. ఆ లిపిలోని అక్షరాలను దేవతలుగా కూడా కొలుస్తారు. ఆ ఏడాదే ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. అది నచ్చక గిడుగు ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయిందీ ఆ ఏడాదే. 1940లో పోయాడు.

ఆయన్ని పూర్తిగా వెనకేసుకురావాలని లేదు నాకు. ఆయన అడిగింది శిష్టుల వ్యవహారం, అంటే చదువుకున్నవాళ్లు మాట్లాడే తెలుగు. అది గెలిచింది. గెలిచాక పత్రికల్లో కోస్తా మధ్య జిల్లాల మాట రాజ్యమేలింది, ఆయన పుట్టిన ఊరి మాట సినిమాల్లో జోకులకు మిగిలింది. దానికి ఆయన ఒక్కణ్నే అంటే అన్యాయం. ఎర్ర పెన్ను పట్టుకున్నవాళ్లం మేమూ ఉన్నాం.

కాశీనగర్ దాటాక ముసలావిడ నాకు ఒక మాట నేర్పబోయింది. వినడానికి తేలికే. కానీ మధ్యలో గొంతు దగ్గర గాలి ఒక్క క్షణం టక్కున ఆగాలి. నేను అంటుంటే ఆగట్లేదు, జారిపోతోంది. కుర్రాడు నా గొంతు మీద వేలు పెట్టి "ఇక్కడ" అన్నాడు. మళ్లీ అన్నాను. ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. ఈ బిగింపును కూడా గిడుగు విని, దాన్ని రాయడానికి గుర్తులు వెతుక్కున్నాడు. నా చెవులకేం లోటు లేదు, అయినా నాలుగోసారికి కూడా పట్టుబడలేదు. గుణుపురంలో వాళ్లు దిగి, తట్ట నెత్తికెత్తుకుని నడిచి వెళ్లిపోయారు. ఒక పొత్తు నా చేతిలో పెట్టింది, డబ్బులు తీసుకోలేదు.

తిరుగు రైలుకి ఇంకా టైముంది. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చుని ఆ మాటే మళ్లీ మళ్లీ అనుకుంటున్నాను, గొంతు బిగించీ వదిలీ. పల్లీలమ్మే అతను కాసేపు చూసి, దగ్గరికొచ్చి, "ఏటయ్యింది బావూ, సేప ముల్లేటైనా గుచ్చుకుందా?" అన్నాడు.